తిరుపతమ్మ నడక

ఇట్లా దగ్గరికి జరగండి నాయనా, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఎర్రగుంట్ల లారీల స్టాండు దగ్గర, సరిగ్గా డ్రైవర్లు ఆకలితో వచ్చి కూర్చునే వేళకు, తిరుపతమ్మ తన టిఫిను బండి పొయ్యి ఆర్పేసి కొంగు నడుముకు చుట్టింది.

"ఏమక్కా, బొరుగుల ఉగ్గాని పెట్టకుండా యాడికి పోతాండావు?" అన్నాడొక డ్రైవరు.

"నడిసేదానికి."

"ఈ వయసులో నడుము సన్నం చేసి ఎవరికి చూపిస్తావు?"

"నీ లారీ ఆగిపోతే తోసేదానికి బలం రావల్ల గదప్పా. కూర్చో, వచ్చి పెడతా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక్కగానొక్క కొడుకు ఓబులేష్‌కు రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు కడపకు పోయి రక్తం శుద్ధి చేయించుకుంటేనే ఊపిరి.

అంతకుముందు ఆమెను నడిపించడం ఎవరి తరమూ కాలేదు. సుగరు ముదిరిందనీ, మాత్రలు మింగి రోజూ నడవమనీ మొగుడు సుబ్బయ్య మొత్తుకుంటే, "నాకేమైతాది, ఎనుము మాదిరి గట్టిగా ఉండా" అని కొట్టిపారేసేది. కడప డాక్టరు కూడా ఆమె రక్తపరీక్ష చూసి, "ఇట్లాగే ఉంటే కొడుకు కంటే ముందు నువ్వే పోతావు" అన్నాడు. అదీ చెవిన పెట్టలేదు.

తర్వాత తండ్రీ కొడుకులు మళ్లీ డాక్టరు గదిలోకి పోయారు. ఆమె బయట బల్ల మీద సంచి పట్టుకొని కూర్చుంది. ఓబులేష్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మా, నీ కిడ్నీ ఒకటి నాకు పెడతారంట. నువ్వు బరువు తగ్గల్ల, సుగరు దిగల్ల. నడుస్తావా?"

"ఇంత దానికి అడగాల్నారా?"

వెనకే వచ్చిన సుబ్బయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు.

ఇంక ఆ తల్లి ఆగలేదు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము కనుబొమల మీద పేరుకున్నా నడిచింది. మోకాళ్లు వాచినా నడిచింది. కొడుకును లోపల మిషన్‌కు కట్టేస్తే ఆస్పత్రి వరండాలో నడిచింది. బేరం తగ్గింది, రవికెలు వదులయ్యాయి, సుగరు దిగింది. ఎప్పుడు చూసినా కొడుకుది ఒకటే ప్రశ్న.

"ఈపొద్దు నడిచినావా మా?"

"నడిచినా నాయనా."

మనిషి కదా, అన్ని రోజులూ ఒకటిగా ఉండవు. బిడ్డ ముఖం ఉబ్బి కనిపించిన పూట ఆమెకు కాళ్లు కదిలేవి కావు. ఊళ్లో జాతరప్పుడు పొయ్యి దగ్గర నుంచి లేచే తీరికే దొరకలేదు. అప్పుడు సుబ్బయ్య, "వానికోసరం లెయ్యి" అనేవాడు. కొన్నిసార్లు లేచేది. కొన్నిసార్లు లేవలేకపోయేది.

ఎండలు ముదిరేసరికి ఓబులేష్ పోయాడు.

కర్మకాండలన్నీ ముగిసినా తిరుపతమ్మ చాప మీద నుంచి లేవలేదు. మాత్రలు నేలకేసి కొట్టింది. అన్నం ముట్టలేదు.

"లెయ్యి, రోంత నడుద్దాం" అన్నాడు సుబ్బయ్య.

"ఇంగ ఎవరికోసరం? నేనే సంపుకున్నా నా బిడ్డను. జాతరలో బేరం చూసుకుంటి. మోకాళ్లు వాచినాయని కూర్చుంటి. నడవకుండానే నడిచినా అని వానికి అబద్ధం చెప్తి. ఆ దినాలు గూడా నడిచింటే వాడు బతుకుతాండె."

"అట్లనగాకే."

"అంటా. నేనూ ఇట్లే పోతా. నన్ను ఇడ్సు."

 సుబ్బయ్యకు, అమ్మకు చెప్పనని కొడుకు చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట ఒకవైపు, కళ్ల ముందే ఎండిపోతున్న పెండ్లాం ఒకవైపు. చివరికి ఆమె పక్కన నేల మీద కూర్చొని ఒకే ఒక మాట చెప్పాడు. దాన్ని మరిచిపోకుండా మీ వాళ్లకు చెప్పండి నాయనా, తమ ఒంటిని పట్టించుకోని తల్లులకు మరీ చెప్పండి.

"నీ కిడ్నీ వానికి పనికిరాదని డాక్టరు మొదటి దినమే చెప్పినాడే."