తొంభై ఆరు డిగ్రీలు

గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను రెక్కల మధ్య బల్లి చచ్చి, వేడికి వేగి, రేకుకి అతుక్కుపోయి ఉంది.

"ఛీ ఛీ!" స్టూడియో యజమాని జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడదాకా వెనక్కి నడిచాడు.

కంప్యూటర్ విప్పిన మనిషి మాత్రం కదల్లేదు. రెండు వేళ్లతో బల్లిని పట్టి లాగాడు. తోక ఊడి చేతికొచ్చింది. మిగతాది గోటితో గీకాడు.

యజమాని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అసలు ఈ మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడే అతనికి రోత పుట్టింది. జిడ్డు చొక్కా, నల్లబడ్డ గోళ్లు, చెమట కంపు. "సార్, నేను..." అని అతనేదో మొదలుపెట్టబోతే, "సర్వీస్ సెంటర్ నుంచేగా? పొద్దున్నుంచీ చూస్తున్నా. చెప్పులు బయటే విడువు" అని లోపలికి తోలాడు.

"బల్లా!" పక్కనే నిలబడ్డ బావమరిది గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా బావా? నా సర్వీసింగ్‌లో లోపం లేదని నెత్తీ నోరూ బాదుకున్నానా లేదా? నెల కిందటే కొత్త ప్యాడ్లు కూడా వేశాను."

"నిన్నెవరన్నార్రా? ఇదంతా ఆ ఎడిటర్ పిల్ల నిర్వాకం. మెషిన్ ముందు కూర్చుని తినడం, తిండికి పురుగులు, పురుగులకి బల్లులు. గంటకోసారి కంప్యూటర్ ఆగిపోతుంటే, 'లోపల వేడెక్కుతోంది సార్, విప్పించండి' అని నాకే పాఠాలు! పోయినవారం గెంటేశాను. పీడా పోయింది."

విప్పిన మనిషి తలెత్తలేదు. ఫ్యాను తుడిచి, మెషిన్ ఆన్ చేశాడు.

తెర మూల అంకెలు కదిలాయి. డెబ్భై. ఎనభై మూడు. తొంభై ఒకటి. తొంభై ఆరు.

తెర నల్లబడింది.

"మళ్లీ చచ్చింది! నాలుగింటికి వీడియో పంపాలయ్యా, ఏం చేస్తున్నావ్?"

"ఫ్యాను బాగానే తిరుగుతోంది సార్. వేడే దాని దాకా రావట్లేదు."

కార్డు బయటికి లాగి, స్క్రూలు విప్పి, రేకు పైకెత్తాడు.

చిప్పు వేడిని లాగి రేకుకి అందించాల్సిన మెత్తటి ప్యాడ్. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. బిగించేముందు ఒలిచి పారేయాల్సింది. ఒలవలేదు. గోధుమరంగుకి మాడి ఉంది.

ఆ మనిషి బావమరిది వైపు చూశాడు.

బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏంటది?" గోడ దగ్గర్నుంచే అరిచాడు యజమాని.

ఆ మనిషి రేకు కింద పెట్టాడు. బావమరిది చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు.

"గుసగుసలేంటోయ్? దూరంగా ఉండి మాట్లాడు. నీ కంపు మావాడికి కూడా అంటించకు."

ఆ మనిషి మాడిన పొర ఒలిచేసి, రేకు మళ్లీ బిగించసాగాడు. అప్పుడే ఫోన్ మోగింది. యజమాని స్పీకర్ నొక్కాడు.

"సార్, మీ దగ్గర చేసిన ఎడిటర్ అమ్మాయి మా కంపెనీకి వచ్చింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఎవర్ని తీసుకోవాలో ఇప్పుడే తేల్చేస్తున్నాం. మనిషి ఎలాంటిది?"

"ఎలాంటిదా?" యజమాని నవ్వాడు. "శుభ్రం లేదు, శ్రద్ధ లేదు. బంగారంలాంటి మెషిన్ని తగలేసిపోయింది. అడిగితే నాకేం తెలీదంటుంది. నా శత్రువుకి కూడా వద్దని చెబుతాను."

స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది.

ఆ మనిషి బావమరిది మొహంలోకే చూస్తున్నాడు. బావమరిది తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

"బతికించారు సార్. అయితే రెండో ఆయనకే ఉద్యోగం ఇచ్చేస్తున్నాం."

ఫోన్ ఆగిపోయింది.

తర్వాత స్క్రూడ్రైవర్ మళ్లీ తిరిగింది. నెమ్మదిగా, ఒక్కో స్క్రూ, ఎక్కడా వదులు లేకుండా.

మెషిన్ లేచింది. అరవై. అరవై నాలుగు. అరవై ఆరు.

అరవై ఆరు.

అంకె అక్కడే నిలబడిపోయింది.

"చేతులు కడుక్కుంటాను సార్."

"ఇక్కడ కాదు. వీధి చివర కుళాయి ఉంది, పో. ఆగు, తలుపు పిడి ముట్టుకోకు. ఒరే, నువ్వు తియ్యి!"

బావమరిది తలుపు తీశాడు. ఆ మనిషి అతని ముందు ఒక్క క్షణం ఆగాడు. వెళ్లిపోయాడు.

"కుర్చీ, కీబోర్డు, బల్ల అన్నీ స్పిరిట్‌తో తుడువు. ఇలాంటివాళ్లని ఇళ్ల మీదికి ఎలా పంపుతారో!" అన్నాడు యజమాని.

మూడున్నరకి వీడియో పూర్తయింది. పంపించి కాళ్లు చాపుకునేసరికి మళ్లీ ఫోన్.

"సర్వీస్ సెంటర్ నుంచి సార్. ఏమనుకోకండి, మా మెకానిక్ బండి పాడై దారిలో ఆగిపోయాడు. ఇప్పుడే బయల్దేరాడు."

"ఇప్పుడేంటి? మీవాడు వచ్చి బాగుచేసి వెళ్లి రెండు గంటలైంది!"

"మా దగ్గర్నుంచి ఎవరూ రాలేదు సార్."

యజమాని ఫోన్ కింద పెట్టాడు.

"మరి వాడెవడ్రా?"

బావమరిది చేతిలో గుడ్డ అలాగే ఉంది. తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాడు.

"నిన్నేరా!"

"ప్యాడ్ మీద పొర ఒలవకుండా బిగించింది నేనే బావా. ఆయనకి చూడగానే తెలిసిపోయింది. 'మా అమ్మాయి ఉద్యోగం గురించి అడగడానికొచ్చాను. నేను చెబితే కూతురి కోసం కల్పించానంటారు, నువ్వే చెప్పు నాయనా' అని నా చెవిలో అన్నాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు కూడా ఇప్పుడైనా చెబుతానేమోనని నా వైపే చూశాడు బావా... నేను నోరు విప్పలేదు."