వేటకూర

కుంపిణీవాళ్లు కంబం లోయలో తుపాకులన్నీ పట్టుకుపోయిన ఏడాది, గోపినాయకరు ఇంట కూతురి నిశ్చయానికి వేటమాంసం లేదు. ఆకులో వేటకూర పడకపోతే సంబంధం కలిసినట్టు కాదు. అందుకని భార్యచేత లేత పనసకాయను దుప్పి మాంసంలా కోయించి, మిరియాలు దట్టించి వండించాడు. ఎవరికీ చెప్పలేదు.

రెండు ముద్దలకే బంతిలో గుసగుస మొదలైంది.

"ఇది వేటేనా?" అన్నారెవరో.

గోపినాయకరు తల దించుకున్నాడు. అంతలో పెళ్లికొడుకు తండ్రి బొమ్మయ్య నోట్లో వేలు పెట్టి, చిన్న సీసపు గుండు తీసి ఆకు అంచున పెట్టాడు.

"పన్ను ఊడేదే బావా! దుప్పిని బాగా కొట్టినావు."

బంతంతా నవ్వి ఆకులు ఖాళీ చేసింది. పరువు దక్కింది. ఆ గుండు బొమ్మయ్య మొలలో దాచుకున్నదని గోపినాయకరుకి అర్థమైంది.

పందిట్లో నిలబడ్డ కుంపిణీ జవాను మాత్రం నవ్వలేదు. తుపాకి దాచినవాడికి ఉరి అని దండోరా వేయించింది అతనే. వచ్చి గుండు చేతిలోకి తీసుకున్నాడు.

"కొట్టింది ఎవరు?"

గోపినాయకరు బొమ్మయ్య వైపు చూశాడు. కూర పనసకాయదని చెబితే గుండు ఎవరిదో తేలిపోతుంది.

"నేనే" అన్నాడు గోపినాయకరు.

జవాను అతని చేతులు వెనక్కి విరిచి కట్టాడు. అది పనసకాయేనని చూపించి మొగుణ్ణి కాపాడుకోవడానికి కూరకుండ ఎత్తుకుని జవాను దగ్గరికి పరిగెత్తబోయింది భార్య.

"ఆ కుండ ఇట్లా తే చెల్లీ" అన్నాడు బొమ్మయ్య. "ఉండేదంతా నాకే పెట్టు."