తమ్ముడికి పథ్యం

ఎర్ర సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేయాలి. వేలి ఉంగరం తీసి అమ్మకివ్వాలి. పరగడుపున ఉండాలి. కాగితాల మీద సంతకాలు పెట్టాలి. ఆఖరున, తోడెవరూ లేకుండా ఒక గదిలోకి వెళ్ళి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

అక్కకు కిడ్నీ ఇవ్వబోయే తమ్ముడు అన్నీ సక్రమంగానే చేశాడు, ఆఖరిది తప్ప.

"మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

కరెంటు స్తంభాలెక్కడం అతని ఉద్యోగం. గాలివానలో తెగిన తీగలు కలిపిన ఆ చేతులతో ఇప్పుడు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"భయంగా ఉందండీ. నావల్ల కాదు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "సరే. మీ ఒంటికి పడదని చెబుతాను. ఈ మాట ఈ గది దాటదు."

బయట అమ్మ అతన్ని పట్టుకుని ఏడ్చింది. "ఒళ్ళు మొరాయిస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావురా."

ఆ తడి భుజానికి తగులుతుంటే తమ్ముడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరికి కిడ్నీ బావే ఇచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది. అక్క ముఖంలో వాపు దిగింది, రంగు తేరింది. తమ్ముడికి అసలు శిక్ష అప్పుడు మొదలైంది.

అక్క తనతోపాటు అతనికీ పథ్యం పెట్టింది. కూరలో ఉప్పు తగ్గించింది. గ్యాస్ బండ ముట్టుకుంటే కసిరేది. చుట్టాలెవరైనా అతనివైపు ఓరగా చూస్తే చాలు, "వాడి కిడ్నీలే అంతంతమాత్రం, ఇక నాకేం ఇస్తాడు? వాణ్ణి నేనే కనిపెట్టుకోవాలి" అని నోరు మూయించేది.

బావ చొక్కా ఎత్తి కుట్లు చూపించేవాడు. "చూశావా బావమరిదీ, నీకు రావలసిన మెడల్ నేను కొట్టేశాను."

అందరూ నవ్వేవాళ్ళు. తమ్ముడు కంచంలోంచి తలెత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అక్కాతమ్ముళ్ళిద్దరే ఉన్నారు. ఇక దాచడం అతనివల్ల కాలేదు.

"అక్కా, ఆ రోజు ఆ గదిలో నేను..."

"ఇంకాస్త కూర వెయ్యనా?"

"అది కాదు. డాక్టరమ్మ అడిగినప్పుడు..."

"ఏదైనా తిన్నాక చెప్పు. చల్లారిపోతోంది."

"తిన్నాక వింటావా?"

"తిన్నాక మందులేసుకుని పడుకుంటాను."

అతని కళ్ళనీళ్ళు కంచంలో పడ్డాయి. అక్క వీధి తలుపువైపు ఒకసారి చూసింది. చిటికెడు ఉప్పు తెచ్చి అతని కూరలో వేసింది.

"ఏడవకు. ఇవాళ ఎవరూ లేరుగా, రుచిగా తిను."

అతనికి ఏమీ అర్థం కాలేదు. తలవంచుకుని తిన్నాడు.

ఎప్పుడైనా ఆ తమ్ముణ్ణి తిట్టుకోవాలనిపిస్తే ఆ అక్కను ఒక్కసారి తలచుకోండి: అతనికంటే ముందు ఆ గదిలోకి వెళ్ళి, "వాడు భయమంటే ఆ మాట బయటికి రానివ్వకండమ్మా, ఒంటికి పడదని చెప్పి పంపేయండి" అని డాక్టరమ్మ చేతులు పట్టుకున్నది ఆవిడే.