నటించే టెర్మినల్

“నాలుగింటికల్లా తెర్నాతే కంప్యూటర్ తెర నా ముందు కనబడాలి. లేకపోతే రేపట్నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు!”

సురబాయ పెద్దాఫీసులో పై అధికారి హర్తావాన్ ఠక్కున ఫోన్ పెట్టేశాడు. స్పీకర్లో వచ్చిన మాట కావడంతో ఇడ్రుస్ కూడా విన్నాడు. తిట్లు పడింది కినాంతికే అయినా ఆయన ముఖమే మాడిపోయింది.

ఆ ఓడల కంపెనీ తెర్నాతే దీవి శాఖలో పందొమ్మిదేళ్ళుగా కంప్యూటర్ చూసుకునేది ఇడ్రుసే. అదొక పాత యూనిక్స్ యంత్రం. ఏ ఓడలో ఎన్ని లవంగాల బస్తాలు ఎక్కాయో, శాఖలో ఎవరి జీతం ఎంతో దానికి తెలుసు. దాని సంగతి ఇడ్రుస్‌కి తెలుసు. మేనేజర్లు ఆరుగురు మారారు గాని ఆయన కుర్చీ మాత్రం అంగుళం జరగలేదు.

కినాంతి పొద్దున్నే విమానం దిగింది. పాతికేళ్ళుంటాయేమో. టెర్మినల్‌లా, అంటే ఈ యంత్రం తెరా మీటల్లా, నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి వెంట తెచ్చింది. అది కుదిరితే సురబాయలో ఉన్నవాళ్ళు ఈ యంత్రం ముందే కూర్చున్నట్టు పని చేసుకోవచ్చు. సరుకుల పట్టీలు చూసుకోవడానికని పెద్దాఫీసు ఉత్తరం రాసింది. చూస్తే చూడనీ, కళ్ళు నొప్పెడితే వాళ్ళే మానేస్తారు అనుకున్నాడు ఇడ్రుస్.

కుదిరితే కదా.

పదకొండింటికి మళ్ళీ ఫోన్. “గీతలుండాల్సిన చోట వరసగా ‘క్యూ’లు, ‘ఎక్స్’లు వస్తున్నాయి! నాకేమన్నా ఇప్పుడు అక్షరాభ్యాసమా?”

ఇడ్రుస్ తొంగి చూశాడు. “అమ్మాయ్, టెర్మినల్ రకం తప్పు రాశావు. ఇది గీతలు గియ్యడం చేతకాని మొద్దు రకం.”

“అవునా బాబాయ్‌గారూ? చూసుకోలేదు.”

ఆయనే సరిచేశాడు. గీతలొచ్చాయి.

తర్వాత బాణాల మీటలు తిరగబడ్డాయి. పైకి నొక్కితే కిందికి పోతోంది, కిందికి నొక్కితే పైకి పోతోంది. మీటల పట్టిక ఉన్న ఫైలు తెరిచి అదీ ఇడ్రుసే చక్కబెట్టాడు. 

“పదకొండు ఊళ్ళలో ఊరికో గంటలో ముగించావు. అక్కడేం రోగం?” హర్తావాన్ ఫోన్లో అరిచాడు.

కినాంతి మళ్ళీ మీటల మీదికి వంగింది.

మధ్యాహ్నం ఇడ్రుస్ పొట్లం విప్పాడు. కాల్చిన చేప, కారం, ఉడికించిన అరటికాయ. సగం ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

“ఉద్యోగం పోతుందని దిగులా? పిచ్చిపిల్లా! నేనున్నాగా.”

ఆ మాటకి ఆమె కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. మనాదోలో నర్సు చదువుతున్న ఇడ్రుస్ కూతురుదీ ఇంచుమించు ఇదే వయసు.

“మీకింకా ఎన్నేళ్ళ సర్వీసుంది బాబాయ్‌గారూ?” అడిగింది కినాంతి.

“నాలుగు. ఈలోగా మా అమ్మాయి చదువైపోతుంది. అప్పుడు నేనూ గాలం పట్టుకుని హాయిగా ఒడ్డున కూర్చుంటా.”

ఆమె పొట్లం ఆయన వైపే జరిపింది. “మీరెళ్ళి నమాజు చేసుకుని రండి. తొందరేం లేదు. ఇది నేను చూసుకుంటా.”

ఇడ్రుస్ పావుగంటలో తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు శుభ్రంగా ఉన్న మీటల పట్టిక మళ్ళీ తలకిందులై కూర్చుంది. టెర్మినల్ రకం మళ్ళీ మొద్దు రకమైపోయింది.

“నీకు డిగ్రీ ఎవడిచ్చాడే? ముందు వాణ్ణి తన్నాలి!” అని గదమాయించి, ఆమెను పక్క కుర్చీలోకి తోసి, చొక్కా చేతులు పైకి మడిచాడు. పదకొండు ఊళ్ళలో ఈ పిల్ల పని ఎవరు చేసిపెట్టారో ఆయనకి అంతు పట్టలేదు.

మూడూ నలభై అయింది. ఇక మిగిలింది ఒక్కటే, యంత్రం పెద్ద పాస్‌వర్డ్. అది లేకుండా సురబాయ తెర లోపలికి అడుగుపెట్టలేదు. పందొమ్మిదేళ్ళలో ఇడ్రుస్ దాన్ని భార్యకి కూడా చెప్పలేదు.

కినాంతి ఆయన చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. “చెప్పకండి బాబాయ్‌గారూ. మర్చిపోయానని చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“నేను మర్చిపోతే నీ గతేంటి?” అని ఇడ్రుస్ ఆమె నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. ఫోన్ దగ్గరికి వంగి ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాడు.

నాలుగింటికి నాలుగు నిమిషాలుండగా అవతలి నుంచి కేక వినబడింది.

“వచ్చింది! అచ్చం అక్కడే కూర్చున్నట్టుంది!”

ఇడ్రుస్‌కి గుండెల మీంచి బరువు దిగిపోయింది. “అమ్మాయినేమీ అనకండి సార్. పనంతా తనే చేసింది. నేను పక్కన కూర్చుని చేప తిన్నానంతే.”

కినాంతి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. సంతోషం పట్టలేకపోతోంది పాపం అనుకున్నాడాయన.

“ఏదన్నా ఒక పని చేసి చూడండి సార్ అక్కణ్ణుంచి,” అన్నాడు దర్జాగా.

పెద్ద పాస్‌వర్డ్‌తో ఎవరేం చేసినా మూలనున్న ప్రింటరు మీద ఒక వరుస అచ్చవుతుంది. అది కిర్రుకిర్రుమని కదిలింది. ఇడ్రుస్ లేచి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, సురబాయ నుంచి జరిగిన మొట్టమొదటి పనేమిటో చదివాడు:

“ఉద్యోగుల జాబితా నుంచి ఇడ్రుస్ తొలగింపు పూర్తయింది.”