కాళ్ళ మీద స్నానం

నూకాలమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, హిమజ నెల్లాళ్ళ కూతుర్ని వాటి మీద పడుకోబెట్టింది. చెంబు ఎత్తిందో లేదో తెర బిగించిన గోడ మాట్లాడింది.

"కాళ్ళ మీద స్నానం విశ్వవిద్యాలయం వారి పేటెంటు. అనుమతి కావాలి."

హిమజ వచ్చి గోడకి వేలు ఆనించింది.

"అనుమతి ఇచ్చాం. ఈ స్నానం దేశాభివృద్ధిలో నమోదైంది," అంది గోడ.

నూకాలమ్మ బిక్కమొహం వేసింది. "నలభై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు పోస్తన్నాను. అప్పుడు దేశం ఎదగలేదేటమ్మా?"

"అప్పుడెవరూ రాసుకోలేదు పిన్నీ. ఇదిగో, కనిపెట్టింది ఈయనే. ప్రొఫెసర్ పైడిరాజు గారు," అంటూ హిమజ గోడ మీద ఫొటో చూపించింది.

"పోస్టుమేన్ గారి అబ్బాయి పైడిరాజే!" అంది నూకాలమ్మ.

పుట్టినప్పుడు వాడిది చప్పిడి ముక్కు. మూడు నెలలు రోజూ నూనె రాసి, ఈ కాళ్ళ మీదే తను తీర్చిన ముక్కు. ఫొటోలో కోటేరులా ఉంది.

అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు పిల్ల ముక్కు మీదికి వెళ్ళాయి.

"ముక్కు తీర్చడానికి అనుమతి లేదు," అంది గోడ.

వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. చెంబులో నీళ్ళు చల్లారుతున్నాయి. నూకాలమ్మ ఫొటో వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది.

"అయితే హిమజమ్మా, ఆ పైడిరాజు బాబు ముక్కు ఎవరిదవుతాది?"