రా, ఇంకా రా

ట్రక్కు వెనక తగిలించిన ఇంటిబండి వెనక్కి వెనక్కి వచ్చి చెక్కబల్లకి ధన్‌మని కొట్టుకుంది. బల్లమీద అందరి కోసం కాచిపెట్టిన చేపల సూపు గిన్నె గడ్డిలో బోర్లా పడింది.

ఎల్వీనా చేతులు రెండూ ఇంకా పైకెత్తే ఉన్నాయి. ‘రా, ఇంకా రా’ అని మొగుడికి ఆమె చేస్తున్న సైగ అది.

ఆ రాత్రికి మైదానంలో మకాం వేసిన తోటి ప్రయాణికులు మడతకుర్చీలు వదిలి పరుగెత్తుకొచ్చారు. మెర్విన్ ట్రక్కు దిగి, తడుముకున్నట్టుగా నడిచి భార్య పక్కన నిలబడ్డాడు.

“అంత బల్ల కనపడలేదామ్మా?” అన్నాడు గార్నెట్. ఈ బండ్ల వరసని నడిపించే పెద్ద అతనే.

“ఏదో ధ్యాసలో పడ్డాను” అంది ఎల్వీనా.

“క్యూబెక్‌లో కరెంటు స్తంభం. మొన్న నీళ్ల కుళాయి. ఇవాళ ఇది. రేపు బండ్లెక్కించే ఓడలో బండికీ బండికీ మధ్య బెత్తెడు సందుండదు. అక్కడ ఏ మనిషి మీదికో పోతే నా గతేంటి? రేపు మీరు మాతో ఓడ ఎక్కడం లేదు పెద్దాయనా. ఇక్కణ్ణుంచి ఇంటికి వెళ్లిపోండి.”

ఓడ దిగితే న్యూఫౌండ్‌లాండ్, ఎల్వీనా పుట్టిన గడ్డ. ఇంతదూరం వచ్చి రేవులో ఆగిపోవడమంటే నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవడమే.

ఇక దాచి లాభం లేదనుకుంది.

“తప్పు ఆయనది కాదు. నాకు చూపు పోతోంది. మనుషులు నీడల్లా కనపడతారు, అంతే. మిగిలిన కాస్తా ఆరిపోయేలోగా మా ఊరి రేవు ఒక్కసారి చూసుకోవాలనిపించింది. చెబితే ఈయన ప్రయాణం మానిపిస్తాడని చెప్పలేదు. గుడ్డిదాన్ని, చేతులూపుతూ నిలబడ్డాను.”

గార్నెట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మెర్విన్ మాత్రం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

వరసలో వీళ్ల ముందు బండిలో వచ్చే హిల్డా ఊరుకోలేకపోయింది. “ఇంతోటిదానికి వెనక్కి పంపుతావా గార్నెట్? రోడ్డుమీద ఈయనకేం తక్కువ? మా బండి తోక పట్టుకుని జానెడు అటూ ఇటూ పోకుండా వస్తాడు. తంటా అంతా ఆపేటప్పుడే. రేపట్నుంచి వెనక నిలబడి సైగ నేను చేస్తాను.”

ఆ వరసలో ఇది చిన్న మాట కాదు. మొగుడు తోలితే వెనక నిలబడి చెయ్యి చూపేది పెళ్లామే. మధ్యలో ఇంకొకరు చెయ్యి ఊపారంటే సంసారంలో వేలు పెట్టినట్టే. అయినా గార్నెట్ తలూపాడు. “సరే. హిల్డా నిలబడితే నాకు అభ్యంతరం లేదు.”

ఎల్వీనాకి ప్రాణం లేచొచ్చింది.

“వద్దు” అన్నాడు మెర్విన్. “ఇంకొకరి సైగకి నేను బండి తోలను. మేం ఇంటికి పోతాం.”

“మెర్విన్, నీకేమైనా పిచ్చా?”

“వద్దన్నాను కదా.”

బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. బండిలోకి వచ్చాక కూడా వదల్లేదు. “నా సైగ తప్ప నీకు పనికిరాదా? ఇన్నేళ్లూ నీ పంతాలన్నీ మోశాను. ఈ ఒక్కటీ నా కోసం విడిచిపెట్టలేవా? మళ్లీ నేను చూడగలనా ఆ ఊరు?”

అతను టీ కాచి కప్పు ఆమె చేతిలో పెట్టాడు. సగం టీ ఆమె ఒళ్లో ఒలికింది. ఆమె కోపంతో అదీ పట్టించుకోలేదు.

తెల్లవారింది. పొగమంచులో ఒక్కొక్క బండే హారన్ కొట్టి రేవు వైపు కదిలింది. హిల్డా కిటికీలోంచి చెయ్యి ఊపింది. మొగుడూ పెళ్లాల్లో ఎవరూ తిరిగి ఊపలేదు. చప్పుళ్లన్నీ సద్దుమణిగాక మైదానంలో వీళ్ల బండి ఒక్కటే మిగిలింది.

ఎల్వీనా ట్రక్కెక్కి అతని పక్కన కూర్చుంది.

“నీ పంతమే నెగ్గిందిగా. ఇంకేం, పోనీ ఇంటికి.”

మెర్విన్ తాళంచెవి తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎదురుగా ఉన్న తెల్లటి మంచులోకి ముఖం పెట్టి కూర్చున్నాడు.

“మెర్విన్, పోనీమంటున్నానా?”

“ఎవరి వెనకాల పోనివ్వను ఎల్వీ? నీ చెయ్యి నాకు అద్దంలో కనపడి ఏడాదైంది. హిల్డా బండి ఎర్రదీపాలు చూసుకునే ఇంతదూరం వచ్చాను.”