ఒక్కసారీ లేటు కాలేదు

"మీ క్రెడిట్ కార్డు లిమిట్ ఎంతండీ?" అడిగింది ప్రత్యూష.

తేజేశ్వర్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. దారంతా బట్టీ పట్టుకొచ్చిన ప్రశ్నల్లో ఇది లేదు.

"లక్షా నలభై వేలండీ."

"నెలకి ఆదాయం?"

"ఫెలోషిప్ ఉందండీ. పీహెచ్‌డీ కదా, అది వచ్చినప్పుడే వస్తుంది. సాయంత్రాలు కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అంతా కలిపినా పద్దెనిమిది వేలు దాటదు."

చెప్పేసి నాలిక్కరుచుకున్నాడు. "దాటదు" ఏమిటి, తెలివితక్కువ దద్దమ్మ! "దాకా వస్తుంది" అని ఉండాల్సింది. కంకిపాడులో ఆటో ఎక్కినప్పటి నుంచీ మేనమామ అంకమ్మరావు ఇదే నూరిపోశాడు. ఇప్పటికే మూడు చోట్ల కాదన్నారు మరి. అందరిదీ ఒకటే పాట. ఇంకా చదువుకుంటున్నాడా, జీతం లేదా, సరే చూద్దాం లెండి. చూద్దాం అన్నవాళ్ళెవరూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఇక్కడా కాదంటే అమ్మ మొహం చూడలేడు.

ఆ అమ్మ, చౌడేశ్వరి, మేనమామతో కలిసి తలుపు అవతలే కూర్చుంది. లోపల ఇతనికి పది నిమిషాలే టైమిచ్చారు. మూడో అంతస్తు కిటికీ కింద బెంజ్ సర్కిల్ హారన్లతో హోరెత్తిపోతోంది. ఎదురుగా ప్రత్యూష. బ్యాంకులో కార్డుల విభాగం ఆఫీసరు. ఈవిడ కాస్త తలూపితే చాలు, గట్టెక్కినట్టే. ఊపేలా మాత్రం కనిపించడం లేదు.

"పద్దెనిమిది వేలకి లక్షా నలభై లిమిటా? ఎవరిచ్చారండీ మీకు?"

"ముందు ఎవ్వరూ ఇవ్వలేదు మేడం..."

"మేడం అనక్కర్లేదు. చెప్పండి."

"పదిహేను వేలు డిపాజిట్ వేస్తే దాని మీద ఒక కార్డిచ్చారండీ. పన్నెండు వేల లిమిట్. మెస్సు బిల్లు, రీఛార్జి, బస్ పాసు... చేతిలో డబ్బున్న ఖర్చులే కార్డు మీద గీకేవాణ్ణి. ఆ డబ్బు తీసి పక్కన పెట్టేసేవాణ్ణి. బిల్లు రావడం, కట్టెయ్యడం. లిమిట్‌లో మూడో వంతు దాటనిచ్చేవాణ్ణి కాదు."

"తర్వాత?"

"ఏడాదికి వాళ్ళే పెంచారండీ. అది చూసి ఇంకో బ్యాంకు డిపాజిట్ లేకుండానే కార్డిచ్చేసింది. అదే పెరిగి పెరిగి లక్షా నలభై అయింది. హాస్టల్లో అందరికీ నేనే దిక్కు. రైలు టికెట్లన్నీ నా కార్డు మీదే. డబ్బు ముందు నా చేతిలో పెడితేనే గీకుడు!"

తేజేశ్వర్‌కి ఊపొచ్చేసింది. కార్డు గురించి మాట్లాడమంటే అతనికి అన్నం కూడా అక్కర్లేదు.

"ఖర్చే పెట్టని మనిషికి అంత లిమిట్ ఎందుకండీ?"

"మా అమ్మ కోసమండీ. కంకిపాడులో మాకు చిన్న చీరల కొట్టుంది. దసరాకి వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో సరుకు ఎత్తాలంటే ముందు డబ్బు కట్టాలి. కార్డు మీద తెస్తే నెల పైన గడువొస్తుంది. పండగ అమ్మకాల్లో కట్టేస్తాం. వడ్డీవాళ్ళ గుమ్మం తొక్కి రెండేళ్ళయిందండీ."

"బానే ఉంది. ఆ ఖర్చులన్నీ ఒకసారి ఫోన్‌లో చూపిస్తారా? మీకు ఇబ్బంది లేకపోతేనే."

ఇబ్బందే. అయినా ఇచ్చేశాడు. ప్రత్యూష వేలితో పైకీ కిందకీ జరుపుతూ పోయింది. మెస్సు, బస్సు, మెస్సు, చీరలు, మెస్సు. ఒకచోట వేలు ఆగింది.

"పోయినేడాది జూన్‌లో సెల్‌ఫోను. ముప్పై రెండు వేలు, పన్నెండు వాయిదాలు." చేతిలోని ఫోన్ తిప్పి చూసింది. ముందు పగుళ్ళు, వెనక ఊడిపోకుండా రబ్బరుబ్యాండు. "ఇదైతే కాదు. ఎవరికి?"

చెల్లెలికి అనెయ్యొచ్చు. లేని చెల్లెల్ని రేపు ఎక్కణ్ణుంచి తెస్తాడు? స్నేహితుడికి అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ సూటిగా కళ్ళలోకి చూస్తోంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఒకమ్మాయికండీ. పుట్టినరోజుకి."

"ఇప్పుడా అమ్మాయి?"

"పెళ్ళైపోయిందండీ, సెప్టెంబరులో. నాతో కాదు."

"మరి వాయిదాలు?"

"అవి నావే కదండీ. మొన్న జూన్‌తో అయిపోయాయి. ఒక్కసారీ లేటు కాలేదు."

ప్రత్యూష తల వంచేసుకుంది. కొంప మునిగింది అనుకున్నాడు తేజేశ్వర్. బుద్ధున్నవాడెవడైనా ఈ సంగతి ఇక్కడ చెబుతాడా? నాలుగో చోటు కూడా పోయింది. దారంతా మామయ్య క్లాసు పీకుతాడు, అమ్మ పల్లెత్తు మాట అనదు. ఆ అనకపోవడాన్నే అతను భరించలేడు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఓరి దేవుడా, నవ్వుతోంది! నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"రోజూ ఎంతమందిని చూస్తానో తెలుసా అండీ? లక్షల్లో జీతాలు. గడువు రాగానే ఫోన్లెత్తరు. వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయి ఫోనుకి టైముకి వాయిదాలు కట్టిన మనిషిని మాత్రం ఇదే చూడటం."

అతని ఫోన్ అతనికిచ్చి లేచింది. తేజేశ్వర్ కూడా గబుక్కున లేచి నిలబడ్డాడు. అవునో కాదో అడుగుదామనుకునేలోపే ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది.

ప్రత్యూష తలుపు తీసి, హాల్లో సున్నుండల ప్లేట్లు పట్టుకుని ఎదురుచూస్తున్న రెండు వైపుల పెద్దవాళ్ళనీ చూసి, "నాన్నా, ముహూర్తం పెట్టించండి, ఈ అబ్బాయి దేనికీ లేటు చెయ్యడు" అంది.